చూపుటకు ముందు అడుగవలెను

నల్లబల్లపై త్రిభుజము గీయుమన్నచో, ఏ గణితోపాధ్యాయుని చేయియైనను అప్రయత్నముగా మూడును అల్పకోణములే గల త్రిభుజమును గీయును; అందు ఉన్నతులు మూడును లోపలనే ఒక బిందువున కలియును; దానికి లంబకేంద్రమని పేరు చెప్పి, డస్టరుతో తుడిచి, తరువాతి అభ్యాసమునకు పోవుట మా వృత్తిలో అనూచానముగా వచ్చుచున్న ఆచారము. చెప్పినదానిలో దోషమేమియు లేకున్నను, లంబకేంద్రము సర్వదా త్రిభుజాంతర్భాగముననే ఉండునను భ్రమ, ఎవ్వరును బోధింపకయే, పిల్లల మనస్సున నాటుకొనిపోవును.

నిశ్చలచిత్రము కలిగించు ఈ భ్రమను తొలగించుటకు నాకు మిక్కిలి తోడ్పడినది జియోజీబ్రా. 2001లో ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమున మార్కుస్ హోహెన్‌వార్టర్ ఆరంభించిన ఈ సాఫ్ట్‌వేర్ బడులకు ఉచితముగా లభించును. ఒకసారి దించుకొన్నచో నెట్ రాని గదిలోను పనిచేయును. భూమిని కదలనీయక, దాని మధ్యబిందువునకు సరిగా పైనున్న శీర్షమును వేలితో పట్టి నిదానముగా క్రిందికి దించినచో, లంబకేంద్రము క్రమముగా పైకి లేచును. ఎదురెదురుగా వచ్చు బాటసారులవలె ఆ రెండును శీర్షకోణము 90 డిగ్రీలైన తావున కలిసికొని, పిదప ఒకదానినొకటి దాటిపోవును. ఉన్నతులను ఖండములుగా కాక పూర్తి రేఖలుగా గీసియుండుట మాత్రము మరువరాదు. లేనిచో బయటపడవలసిన చుక్క తెరపై మాయమగును.

అయినను బొమ్మ కదలినంత మాత్రమున బుద్ధి కదలదు. శీర్షముపై వేలు మోపుటకు ముందు, "దీన్ని కిందికి దించితే ఆ చుక్క ఎటు పోతుంది?" అని అడిగి, ప్రతివారిచేతను నోటుపుస్తకమున సమాధానము వ్రాయించెదను. "పైది దిగితే లోపలిది కూడా దిగుతుంది కదండీ" అనునదే తరచుగా వినవచ్చు మాట, అది తర్కబద్ధమైన ఊహయే గనుక, చుక్క పైకి లేచినపుడు కలుగు ఆశ్చర్యము "ఎందుకు?" అను ప్రశ్నగా మారును. ముందుగా ఊహింపక చూచినవానికి అదే దృశ్యము వట్టి వినోదము.

చేయెత్తు నలుగురి అభిప్రాయమే తరగతి అభిప్రాయముగా చెల్లకుండుటకు ప్లికర్స్ అను సాధనము ఉపకరించును. పిల్లలకు కావలసినది అచ్చువేసిన అట్టముక్క మాత్రమే. ఏ అక్షరమున్న అంచును పైకి పట్టిరో ఉపాధ్యాయుని ఫోను కెమెరా గ్రహించును. అట్టపై గురుతులు ఎవరివి వారివే గనుక ప్రక్కవానిని చూచి పట్టుట సాధ్యము కాదు. వెనుక బల్లపై మాటాడని బాలిక ఊహయు లెక్కకు వచ్చును.

ఇక 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఆరంభించిన దీక్షా వేదిక మన పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడ్‌ల ద్వారా వీడియో పాఠములను చేతికందించినది. ఇంటివద్ద పునశ్చరణకు అవి మేలు. తరగతిలో మాత్రము వీడియోకు ఒక స్వభావమున్నది: ప్రశ్నయు తానే వేసి, పిల్లవాడు నోరు తెరచులోపల ఉత్తరమును తానే చెప్పివేయును. కావున ఏ నిమిషమున దానిని ఆపవలెనో ముందుగా చూచి గురుతుపెట్టుకొనుట ఉపాధ్యాయుని వంతు. ఆ పనిని ఏ యాప్‌యు మనకు బదులుగా చేయజాలదు.

నూతన సాధనముల జాబితాలు నానాటికి పెరుగుచున్న ఈ కాలమున, ఎంపికకు నేను పాటించు నియమము ఒక్కటే: పీరియడ్ ప్లానులో సాధనము పేరు వ్రాయుటకు ముందు, దానిని తెరువకమునుపు పిల్లలు ఊహించి చెప్పవలసిన ప్రశ్నను వ్రాసెదను. అట్టి ప్రశ్న తట్టనినాడు ఆ పాఠమునకు సుద్దముక్క చాలును.