చూచే ఇల్లు, కాపురముండే ఇల్లు

మన భాషలన్నింటిలోనూ సాహిత్యవిమర్శ ఎంతో కొంత పెరిగింది. చిత్రకళకూ సంగీతానికీ కూడా విమర్శకులు ఏర్పడ్డారు. గృహనిర్మాణానికి మాత్రం ఆ భాగ్యం అంతగా కలుగలేదు. ఒక ప్రసిద్ధ వాస్తుశిల్పి కట్టిన ఇంటిని గురించి ఎవరైనా వ్రాస్తే, ఆ వ్రాత సాధారణంగా ఛాయాచిత్రాలను ముందు పెట్టుకొని వ్రాసినదై ఉంటుంది. ఆ చిత్రాలలో మనుష్యులుండరు. దండెం మీద తడిబట్టలుండవు. గుమ్మం పక్కన చెప్పులుండవు. వంటయింటి గోడకు పొగమరక ఉండదు. ఇంటివారు సామాను సర్దుకొనకముందో, వారిని ఒక పూట బయటికి పంపిన తరువాతనో తీసిన బొమ్మలవి. కావ్యం నచ్చని పాఠకుడు పుస్తకం మూసి పక్కన పెట్టగలడు. ఇంట్లో ఉండేవాడికి ఆ స్వేచ్ఛ లేదు. తెల్లవారి లేచింది మొదలు రాత్రి దీపం ఆర్పేవరకు దానిని చదువుతూనే ఉండాలి. ఈ సౌందర్యానికి ప్రతిదినమూ మూల్యం చెల్లిస్తున్నది ఎవరనే విచారణ లేకుండా గృహశిల్పాన్ని విమర్శించడం సాధ్యం కాదని నా అభిప్రాయం.

పూర్వకాలంలో ఈ విచారణకు అవకాశం తక్కువ. వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయమున్నది. అందులో రాజుకెంత ఇల్లు, సేనాపతికెంత, ఏ వర్ణం వారికెంత అనే కొలతలున్నవేగాని, ఫలానా స్థపతి భావించిన ఇల్లు అనే ఊహ లేదు. సామాన్యుని ఇల్లు మేస్త్రీ, వడ్రంగి, యజమాని, యజమాని తల్లి నలుగురూ వాదించుకొని కట్టినది. తప్పులుంటే అవి నలుగురివీ. మరుసటి యేడు ఒక కిటికీ పూడ్చి మరొకటి తెరిస్తే అడిగేవాడు లేడు. ఇరువదవ శతాబ్దంలో ఇంటికి ఒక కర్త ఏర్పడ్డాడు. గోడ ఎత్తు మొదలు తలుపు పిడి వరకు ఒకే మనస్సు భావించిన ఇల్లు వచ్చింది. ఆ ఏకత్వంలోని అందాన్ని తక్కువచేసి మాట్లాడడం అవివేకం. అటువంటి ఇంట్లో అడుగుపెట్టినవాడి నడక తెలియకుండానే నెమ్మదిస్తుంది; ఒక మూలకు తిరిగేసరికి, అక్కడ ఉంటుందని అనుకొనని చెట్టు కనిపిస్తుంది. కాని కర్త ఉన్నచోట కర్త అధికారమూ ఉంటుంది. కిటికీ పూడ్చడం ఇప్పుడు అపచారం.

శాంతినికేతనంలో ఉత్తరాయణమనే ఆవరణలో రవీంద్రనాథ్ ఠాకూర్ వివిధకాలాలలో నివసించిన ఇళ్ళు అయిదున్నవి: కోణార్క, ఉదయన, శ్యామలి, పునశ్చ, ఉదీచి. వీటి రూపకల్పనలో చిత్రకారుడు సురేంద్రనాథ్ కర్‌కూ, కవికుమారుడు రథీంద్రనాథ్‌కూ ప్రధానపాత్ర ఉన్నది. అయిదింటిలోనూ శ్యామలిని గురించి కొంత నిలిచి చెప్పుకోవాలి. కవికి 74 ఏళ్ళ వయస్సులో, 1935లో, ఆ ఇల్లు తయారయింది. గోడలే కాదు, కప్పు కూడా మట్టే. నందలాల్ బోస్, కళాభవన విద్యార్థులు గోడలమీద మట్టితోనే బొమ్మలు మలిచారు. రామకింకర్ బైజ్ చేయి కూడా అందులో ఉన్నది. ఆ ఇంటిపేరునే కవి 1936లో ఒక కవితాసంపుటికి పెట్టుకొన్నాడు. 1940లో గాంధీ, కస్తూరిబా శాంతినికేతనానికి వచ్చినప్పుడు వారికి విడిది ఇచ్చినది ఆ ఇంట్లోనే.

శ్యామలి అందమంతా అది నేలనుంచి వేరుగా కనిపించకపోవడంలో ఉన్నది. వీరభూమి నేల ఎరుపూ నలుపూ కలిసినది. ఇల్లు ఆ నేలే కొంచెం పైకి లేచి, నీడ ఇచ్చి, ఆగినట్టుంటుంది. భూమిని ఇంతగా పాడుకొన్న కవి చివరిదశలో కోరుకొనదగిన ఇల్లే అది. అయితే పక్క ఊళ్ళో సంతాల్ గృహస్థు తన మట్టిగోడలమీద మట్టికప్పు వేసుకోడు. గడ్డి కప్పుతాడు, చూరు గోడకు బాగా ముందుకు దింపుతాడు. వంగదేశపు వాన అతనికి చిన్ననాటినుంచి తెలుసు. వాన తక్కువైన మన రాయలసీమలో మట్టిమిద్దెలు తరతరాలుగా నిలిచినవి. అక్కడ కూడా తొలకరికి ముందు మిద్దె ఎక్కి చౌడు పోసి అణచవలసిందే. ఆ పని తప్పిన సంవత్సరం ఇంట్లో గిన్నెలు పరచవలసిందే. నాలుగునెలలు వదలకుండా వాన కురిసే సీమలో మట్టికప్పంటే ఆ చాకిరి ఎన్నో రెట్లు. శ్యామలి కవికి కవితాసంపుటి అయింది. దాని కప్పు మాత్రం ఎవరో ఒకరికి ఏటేటా పని అయింది.

కవి కూడా ఆ ఇంట్లో స్థిరపడలేదు. దాని వెంటనే పునశ్చ వచ్చింది. ఉత్తరం ముగించిన తరువాత చేర్చే మాట అది. ఇంటికి ఆ పేరు పెట్టడంలో కవి తన చాపల్యాన్ని తానే చూచి నవ్వుకొన్నట్టుంది. ఆ పైన ఉదీచి. ఒక ఇల్లు విసుగుపుట్టిస్తే మరొకటి కట్టించుకొనే వీలు ఆయనకున్నది గనుక, ఒక్కొక్క ఇంటినీ ఒక ప్రయోగంగా, నిజంగా కవితగానే చూడగలిగాడు. ఈ వ్యాసంలో తక్కిన ఇళ్ళవారికి ఉన్నది ఒక్కొక్క ఇల్లు. 2023లో యునెస్కో శాంతినికేతనాన్ని ప్రపంచవారసత్వ స్థలాలలో చేర్చింది. ఇప్పుడు శ్యామలి చూచే ఇల్లే. వానకు భయపడవలసినవారు సంరక్షకులు.

పరదేశపు స్థపతి మన దేశంలో కట్టిన ఇళ్ళలో అహమ్మదాబాదులోనివి వాసికెక్కినవి. లె కార్బూజియే 1951లో చండీగఢ్ పనిమీద భారతదేశానికి వచ్చాడు. ఆ రాకపోకలలోనే అహమ్మదాబాదు మిల్లుయజమానుల కుటుంబాలు ఆయనచేత ఇళ్ళు కట్టించుకొన్నవి. మనోరమా సారాభాయి ఇల్లు 1955లో పూర్తయింది. ఆమె ఇద్దరు కుమారులతో జీవిస్తున్న వితంతువు. ఇటుకగోడలు వరుసలుగా సాగుతాయి. వాటిమీద తక్కువ ఎత్తుగల పెంకుల కమానుకప్పులు. కప్పులమీద మట్టి పోసి పెంచిన పచ్చిక. గాలి వీచే దిక్కుకు ఇల్లంతా తెరిచి ఉంటుంది. పిల్లలకోసం మేడమీదినుంచి కింది కొలనులోకి కాంక్రీటు జారుడుబల్ల దిగుతుంది. ఏ ఇంట్లో చిన్నపిల్లల కోరికకు ఇంత పెద్ద స్థానం దక్కింది? గుజరాతు వేసవి మధ్యాహ్నం ఆ కమానుల కింది చల్లని మసక నీడను మించిన సుఖం వేరే ఉండదు.

కాని తెరిచిన ఇల్లు గాలికి మాత్రమే తెరిచి ఉండదు. దుమ్ముకు, దోమకు, ఉడుతకు కూడా అదే దారి. కప్పుమీది పచ్చికకు తోటమాలి కావాలి. మట్టి నీటిని పట్టి ఉంచుతుంది గనుక కింది పెంకులకు చెమ్మ భయం ఎప్పుడూ ఉంటుంది. నీడ ఎంత లోతుగా ఉంటే చదువుకొనేవాడికి దీపం అంత ముందుగా కావాలి. ఆ కుటుంబానికి ఇవి కష్టాలుగా తోచకపోవచ్చు. సంపన్నగృహంలో ఇంటి లోపాన్ని మొదట ఎరిగేది చీపురు పట్టినవాడు. అతని సాక్ష్యం ఏ వాస్తుగ్రంథంలోనూ నమోదు కాదు.

ఆ ఊళ్ళోదే షోధన్ ఇంటి కథ మరింత చిత్రమైనది. సురోత్తమ్ హఠీసింగ్ అనే మిల్లుయజమానుల సంఘ కార్యదర్శి తనకోసం ఆ ఇంటి పటాలు గీయించుకొన్నాడు. తరువాత వాటిని శ్యాముభాయి షోధన్‌కు విక్రయించాడు. షోధన్ వేరొక స్థలంలో, ఆ పటాల ప్రకారమే, 1956 నాటికి ఇల్లు ముగించాడు. ఒకని జీవితంకోసం ఒకచోట భావించిన ఇంట్లో మరొక కుటుంబం మరొకచోట కాపురం పెట్టింది. స్థలానికీ నివాసికీ సరిపోయేట్టు కొలిచి కట్టడమే తమ విద్య అని స్థపతులు చెప్పుకొనే మాటకు ఇది చిక్కైన ఉదాహరణ. నిజమేమంటే ఆ ఇల్లు అద్భుతంగానే ఉన్నది. పైన గొడుగువంటి కాంక్రీటు కప్పు, దాని కింద ఆకాశం కనిపించే చావిళ్ళు, లోపల మెట్లకు బదులు ఏటవాలు దారి. ఇంటికంటే ముందు శిల్పమని దానిని అనుకొంటే అన్నీ కుదురుతాయి. ఏటవాలు దారి అతిథికి మెల్లగా ఆరోహణం. బిందె ఎత్తుకొన్నవాడికి మెట్లకంటె రెండింతల దూరం. ముఖభాగాన ఎండ తగలకుండా కట్టిన లోతైన కాంక్రీటు గూళ్ళవంటివి మన దేశంలో ఎక్కడున్నా త్వరలోనే పావురాల ఆస్తి అవుతాయి. పైగా కాంక్రీటు పగలు తాగిన వేడిని రాత్రి కక్కుతుంది.

ఈ బాధ మనదేశానిదే అనుకోరాదు. పారిస్ సమీపాన అదే స్థపతి 1931లో ముగించిన సవోయ్ ఇంటి యజమానురాలు కప్పు కారుతున్నదని ఆయనకు ఉత్తరాలమీద ఉత్తరాలు వ్రాసింది. ఆ ఉత్తరాలు నేటికీ చదువదగినవి. ఆ ఇంటిమీద వెలువడిన ప్రశంసావ్యాసాలకంటె నాకవే ఎక్కువ ఇష్టం.

చండీగఢ్‌లో వ్యవహారం ఒక కుటుంబానిది కాదు, ఒక రాజధానిది. లె కార్బూజియే మహాసౌధాలను చూసుకొన్నాడు. ప్రభుత్వోద్యోగుల ఇళ్ళను పియెర్ జానెరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, వారితో కలిసి పనిచేసిన భారతీయ స్థపతులు రూపొందించారు. ముఖ్యమంత్రి మొదలు బంట్రోతు వరకు 13 తరగతులు. తరగతి సంఖ్య, స్థపతి పేరులోని మొదటి అక్షరం కలిపి ఇంటికి పేరు. జానెరే తాను నివసించిన ఇల్లు 4-జె. వరాహమిహిరుని కొలతల పట్టిక కొత్తవేషంలో తిరిగివచ్చినదని ఒకడు పరిహాసమాడితే కాదనలేము. అయినా న్యాయం చెప్పాలి. అట్టడుగు తరగతి బంట్రోతుకు కూడా రెండు గదులు, వంటయిల్లు, స్నానాలగది, పెరడు దొరికినవి. ఇటుకలను వదులుగా పేర్చి కట్టిన జాలీలు ఖర్చులేని అలంకారమై, గోడలమీద పొద్దుతో కదిలే ముగ్గులు వేసినవి. పేదవాడి ఇంటికి అందం అనవసరమని ఆ స్థపతులు అనుకోలేదు. ఇది చిన్న విషయం కాదు.

వేసవిలో ఆంధీ లేచినప్పుడు మాత్రం ఆ జాలీలనుంచి ధూళి మంచాలమీద పడుతుంది. కాబట్టి నివాసులు జాలీకి పలకలు కొట్టారు, వరండాలకు అద్దాలు బిగించి గదులు చేసుకొన్నారు. చూడవచ్చిన విద్యార్థులు దీనిని విధ్వంసమంటారు. కొడుకు పెళ్ళి చేసిన తండ్రి దీనిని గది అంటాడు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నగరపు తొలి భాగంలో, అంటే 1 నుంచి 30 వరకు గల సెక్టార్లలో, ఒక్క కుటుంబంకోసం ఏర్పరచిన ఇళ్ళను అంతస్తులవారీ అపార్ట్‌మెంట్లుగా చీల్చడాన్ని నిషేధించింది. నగరస్వరూపాన్ని కాపాడడానికి అది అవసరమే కావచ్చు. నీళ్ళకు, మురుగుకు, వాహనాలకు హద్దులున్నవి. కాని తండ్రి కట్టిన ఇంటిని అన్నదమ్ములు అంతస్తులుగా పంచుకోవడమనే సామాన్యమైన కుటుంబవ్యవహారం ఒక స్థపతి భావనకు అడ్డుగా నిలిచి న్యాయస్థానం దాకా పోవలసివచ్చిందనే సంగతిని విమర్శకుడు మరువరాదు.

లారీ బేకర్ ఈ విషయంలో తక్కినవారికి భిన్నుడు. ఇంగ్లండులో 1917లో జన్మించి, 1945లో భారతదేశానికి వచ్చి, తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో మరణించిన ఆ స్థపతి పటాలు గీయడంకంటె పనిచోట నిలబడడం ఎక్కువ చేశాడు. ఇటుకలను నిలువుగా, మధ్య బోలు ఉండేట్టు పేర్చే పద్ధతివల్ల గోడకు ఇటుకల ఖర్చు సుమారు నాలుగవ వంతు తగ్గుతుంది. పనసచెట్టు అడ్డమొస్తే గోడనే వంచుతాడు. ఆ వంకర గోడలు చూడముచ్చటగా ఉంటాయి. బీరువా కొనుక్కొన్ననాడు దాని వెనుక మూరెడు ఖాళీ మిగులుతుంది. బోలుగోడను తొలిచి విద్యుత్తు తీగలు దింపడం తరువాతి తరం వారికి తలనొప్పి. జాలీలనుంచి దోమలు. అయినా ఆ ఇళ్ళలో ఉన్నవారు స్థపతిని తిట్టుకొంటూ కూడా తమవాడనుకొంటారు. తొలినాడు వారితో కూర్చొని, వారి డబ్బు వారి ఎదుటే లెక్కపెట్టినవాడు ఆయన.

కొలంబోలో జెఫ్రీ బావా 1962 నాటికి బాతిక్ కళాకారిణి ఎనా డిసిల్వాకు ఒక ఇల్లు కట్టాడు. బయటికి గోడ మాత్రమే కనిపిస్తుంది; లోపల నడుమ పెద్ద మండువా, అందులో చెట్టు, చుట్టూ చావిళ్ళు. మన లోగిళ్ళు ఎరిగినవారికి ఆ ఇంట్లో కొత్తగా అనిపించేది ఏదీ ఉండదు. వానరోజున గదినుంచి గదికి పోవడానికి తలమీద కొంగు వేసుకోవడంతో సహా. అర్ధశతాబ్దం గడిచేసరికి నగరంలో ఆ స్థలం విలువ ఇంటి విలువను మింగింది. ఇంటిని ఇటుకకు ఇటుక విడదీసి, గుర్తులు వేసి, బావా తోట అయిన లూనుగంగకు తరలించి మళ్ళీ కట్టారు. ఆ శ్రమకు నమస్కరించవలసిందే. ఇప్పుడక్కడ అతిథులు దిగుతారు. బాతిక్ రంగుల మరకలు నేలమీద పడవు.

బాలకృష్ణ దోషీ యౌవనంలో లె కార్బూజియే వద్ద పనిచేసి, అహమ్మదాబాదు ఇళ్ళ నిర్మాణాన్ని దగ్గర ఉండి నడిపించినవాడు. గురువు కట్టిన ఇళ్ళలో కాపురం ఎలా సాగుతున్నదో అందరికంటె ఆయనకే బాగా తెలిసి ఉండాలి. ఇందూరులో అరణ్య అనే పేదల నివాసస్థలాన్ని 1980లలో ఆయన రూపొందించాడు. అక్కడ చాలామందికి పూర్తి ఇల్లు ఇవ్వలేదు. అరుగు, నీటికుళాయి, మరుగుదొడ్డి, మహా అయితే ఒక గది. తక్కినది వారి చేతికి వదిలారు. ఎలా కట్టుకోవచ్చునో చూపడానికి మాత్రం 80 నమూనా ఇళ్ళు దోషీ కట్టి చూపించాడు. ఆగాఖాన్ బహుమానం 1995లో ఆ పనికి వచ్చింది. పాత్రికేయులు తీసిన బొమ్మలలో ఆ నమూనా ఇళ్ళే ఎక్కువగా కనిపిస్తాయి.

నివాసులు ఆ నమూనాలను కొంత చూచి, కొంత మరచి, డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా గోడ లేపారు. కింద దుకాణం, పైన అద్దెకు ఒక గది, పిట్టగోడకు నీలిరంగు. నమూనా ఇళ్ళలో కూడా చాలావాటి రూపు మారింది. దోషీ 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొంది, 2023లో కన్నుమూశాడు. గొప్పవారి రచనలకు పట్టే గతి ప్రకారం, అరణ్యను కూడా ఒకనాడు వారసత్వ పట్టికలో చేర్చాలనే ప్రతిపాదన రావచ్చు. అప్పుడు ఏ సంవత్సరపు అరణ్యను కాపాడాలో, ఎవరి నీలిరంగును ఉంచి ఎవరిది గీకివేయాలో, ఆ సంఘంలో కూర్చొనేవారు ఆ ఇళ్ళవారినే అడుగవలసి ఉంటుంది.