బారెడు మీద మూరెడు: గ్రీన్‌లాండ్ తెడ్డు

గ్రీన్‌లాండ్ తీరంలో కయాక్ అనే సన్నని తోలు పడవల మీద సీల్ వేటకు వెళ్లిన ఇన్యూట్ జనం తమ తెడ్డును కొలుచుకోవడానికి ఒంటినే కొలబద్దగా వాడుకున్నారు. ప్రాంతాన్ని బట్టి కొద్దిపాటి తేడాలున్నా, చేతులు రెండూ బార్లా చాపితే వచ్చే బార మీద మోచేతి నుంచి వేలికొస దాకా ఉండే మూర కలిపితే తెడ్డు పొడవు అవుతుందనేది బాగా వాడుకలో ఉన్న సూత్రం. బార 165 సెంటీమీటర్లు, మూర 45 సెంటీమీటర్లు ఉన్న మనిషికి తెడ్డు 210 సెంటీమీటర్లు వస్తుంది. పడవకు కూడా ఇదే పద్ధతి వర్తించి, దాని పొడవు సుమారు మూడు బారలుగా లెక్కకు వచ్చేది.

బార, మూర, బెత్త తెలుగువారికి కొత్త కొలతలు కావు గానీ, అమ్మేవాడి మూర కొనేవాడి మూరకు సరిపోదన్న తగవు కూడా వాటితోపాటే పుట్టింది. బజారులో లోపంగా కనిపించే ఈ తేడాయే తెడ్డు విషయంలో గుణమైంది, ఎందుకంటే ఇక్కడ కొలిచే చేయి, పట్టే చేయి ఒకటే. పనిముట్టును మనిషి ఒంటికీ కదలికకూ తగ్గట్టు అమర్చే విద్యను నేడు ఎర్గొనామిక్స్ అంటున్నారు. ఆ పేరు పుట్టకముందే ఆ పని ఈ తెడ్డులో జరిగిపోయింది.

కయాక్ తెడ్డుకు రెండు చివర్లా నీటిని నెట్టే పలుచని రెక్కలు, నడుమ చేతులు పట్టే పిడి ఉంటాయి. గ్రీన్‌లాండ్ తెడ్డు రెక్క బెత్తెడుకు కాస్త ఎక్కువగా, అంటే 8 లేదా 9 సెంటీమీటర్ల వెడల్పున ఉంటుంది. బొటనవేలు ఒక అంచునూ మిగతా వేళ్లు రెండో అంచునూ పట్టుకోగలగాలన్నదే ఆ కొలతకు మూలం. అవసరమైతే రెక్కనే పిడిగా పట్టుకునే వీలుండాలి కాబట్టి, పిడి ఎక్కడ ముగిసి రెక్క ఎక్కడ మొదలైందన్న పట్టింపు చేతికి లేకుండా చేశారు. ఇంత సన్నని రెక్క నీటిని ఏం నెడుతుందన్న అనుమానం చూసినవారికి సహజంగానే కలుగుతుంది. అయితే 80 సెంటీమీటర్లకు పైగా పొడవున్న ఆ రెక్క వైశాల్యాన్ని లెక్కగడితే 600 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు తేలుతుంది, అది నేటి వెడల్పాటి తెడ్ల రెక్కలకు దాదాపు సమానమే.

తేడా బరువు పడే తీరులో ఉంది. వెడల్పాటి పొట్టి రెక్క నీట మునిగీ మునగగానే పూర్తి బరువు చేతి మీద పడుతుంది. సన్నని పొడుగు రెక్క దిగుతున్నకొద్దీ బరువు మెల్లగా పెరుగుతుంది గనుక భుజం కీలుకు ఒక్కసారిగా కుదుపు తగలదు. చేతులు ఛాతీ ఎత్తు దాటకుండా, నడుము తిప్పుతూ వేసే తక్కువ ఎత్తు పోటు కావడం కూడా భుజాలకు మేలు చేస్తుంది. రెక్కను నీటికి నిటారుగా దించితే గాలిని లోపలికి లాక్కుని అటూ ఇటూ వణుకుతుంది. అందుకే దాని పై అంచును కాస్త ముందుకు వాల్చి దించుతారు, అప్పుడది కత్తిలా చప్పుడు లేకుండా దిగుతుంది, సీల్ చెవిన పడకుండా దగ్గరకు చేరాల్సిన వేటగాడికి అది చిన్న లాభం కాదు. ఆ వాలు సరిగ్గా ఉందో లేదో తల దించి చూడనక్కర లేదు: పిడి గుండ్రంగా కాక కోడిగుడ్డు వాటంలో నొక్కినట్టు ఉండటం వల్ల వేళ్లకే తెలిసిపోతుంది. రెండు రెక్కలూ ఒకే వాలులో ఉంటాయి. ఒకదానికొకటి అడ్డంగా తిప్పి బిగించిన ఆధునిక తెడ్లలో మాదిరిగా ప్రతి పోటుకూ మణికట్టు మెలితిప్పే పని ఇందులో లేదు.

చెట్లు అరుదైన ఆ నేలకు కలప సముద్రమే తెచ్చిపెట్టేది. సైబీరియా నదులు కడలిలోకి తోసిన దుంగలు మంచులో చిక్కుకుని, ఏళ్ల తరబడి ఆర్కిటిక్ ప్రవాహాల వెంట సాగి ఒడ్డుకు చేరేవి. అలా దొరికిన కలపను పొదుపుగా చెక్కి, మంచుగడ్డల తాకిడికి చీలకుండా రెక్కల కొసలకూ అంచులకూ ఎముక బద్దలు బిగించేవారు.

ఈ తెడ్డుకు అసలు పరీక్ష పడవ తలకిందులైనప్పుడు. గడ్డకట్టించే నీటిలో ఈది బయటపడే ఆశ లేదు, పైగా వేటగాడు తొడుక్కున్న తోలు చొక్కా నీరు చొరకుండా పడవ నోటికి బిగిసి ఉండేది. కాబట్టి పడవలో ఉన్నవాడు ఉన్నట్టే తెడ్డు ఊతంతో మళ్లీ పైకి తిరగాలి. అప్పుడు చేతులను పిడి మీద నుంచి ఒక రెక్క కొస దాకా జరిపితే అవతలి భాగం పొడుగాటి మీటగా మారి, తేలే స్వభావం గల కలప నీటి మీద ఆనిక ఇస్తుంది. రెక్క వెడల్పును పిడికిలితో కొలవడంలోని లోతైన కారణం ఇక్కడే బయటపడుతుంది. గాలి పోటెత్తిన రోజులకని చెక్కే పొట్టి తెడ్డులోనైతే పిడి రెండు పిడికిళ్లంతే ఉంటుంది. ప్రతి పోటుకూ చేతులు పక్కనున్న రెక్క మీదికి జరుగుతూ పోవాలి.

ఈ తెడ్డు అన్ని నీళ్లకూ పనికొస్తుందని చెప్పడం మాత్రం అభిమానమే అవుతుంది. రాళ్ల మీద పరిగెత్తే లోతులేని నదిలో పొడుగు రెక్క పూర్తిగా మునగదు, చటుక్కున పట్టు దొరకదు. అక్కడ వెడల్పాటి పొట్టి రెక్కదే పైచేయి. పందేల కయాక్‌లలో 1980ల నుంచి విమానం రెక్కలా వంపు తిరిగిన తెడ్లు రాజ్యమేలుతున్నాయి.

దూరాలు సాగే సముద్ర ప్రయాణాలకు గ్రీన్‌లాండ్ తెడ్డును వాడేవారు ఇప్పుడు యూరప్, అమెరికాలలోనూ ఉన్నారు, కార్బన్ ఫైబర్ నకళ్లూ దొరుకుతున్నాయి. అయితే అచ్చులో పోసిన తెడ్డు కొన్ని నిర్ణీత సైజుల్లోనే వస్తుంది, కొనేవాడు తన చేతికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. సొంతంగా దేవదారు పలక తెచ్చుకున్నవాడు దాన్ని కోసే ముందు గోడకు ఆనుకుని చేతులు చాపి బారను గుర్తు పెట్టుకుంటాడు, ఆ తర్వాత చిత్రిక పడుతూ మధ్యమధ్య ఆగి, రెక్క అంచు మీద వేళ్లు సరిగ్గా మడత పడే దాకా మరో పొర, ఇంకో పొర తీస్తూ పోతాడు.