వాక్యం ముందు అరగంట

మా సంఘంలో యౌవనస్థుల బైబిలు తరగతి నడిపే బాధ్యత నాది. పిల్లలు కంఠతా వాక్యాలు గడగడా చెబుతారు, బైబిలు క్విజ్‌లో బహుమతులు తెస్తారు. అక్కడితో ఆగకుండా విశ్వాసి ఎలా తయారవుతాడన్న ప్రశ్నలో నాకు దారి చూపినవాళ్లు ఇద్దరు: డెన్మార్క్ తత్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్, జర్మన్ పాస్టర్ డీట్రిష్ బోన్‌హోఫర్.

కీర్కెగార్డ్ (1813–1855) నాటి డెన్మార్క్‌లో దాదాపు ప్రతివాడూ పుట్టుకతోనే క్రైస్తవుడు. పాస్టర్లు ప్రభుత్వోద్యోగులు. విశ్వాసం ఎవరినీ ఏమీ అడగని దేశమది. క్రీస్తు కోరేది తనను మెచ్చుకునేవాళ్లను కాదు, తనను వెంబడించేవాళ్లను అని ఆయన 1850లో రాశాడు. మెచ్చుకునేవాడు ఎంత పొగిడినా తన బతుకును మాత్రం పక్కన భద్రంగా దాచుకుంటాడు.

మరుసటి ఏడు రాసిన పుస్తకంలో ఆయన ఒక ప్రేమికుడి సంగతి చెబుతాడు. ప్రియురాలి ఉత్తరం తనకు రాని భాషలో వచ్చింది. అతను నిఘంటువు ముందేసుకుని మాటమాటా వెతుకుతున్నాడు. ఉత్తరం చదువుతున్నావా అని స్నేహితుడు అడిగితే అతనికి కోపమొచ్చింది. ఈ తంటా అంతా ముగిశాకే కదా చదవడం! అందులో ఆమె ఏదైనా కోరిందని తెలిస్తే, మిగతా వాక్యాలు తేలేదాకా ఆగకుండా వెంటనే బయల్దేరతాడు. బైబిలు చదవడమూ ఇలాగే ఉండాలంటాడు కీర్కెగార్డ్. పాండిత్యం అవసరమే, కానీ అది ఇంకా చదవడం కాదు.

కీర్కెగార్డ్‌ను శ్రద్ధగా చదివిన బోన్‌హోఫర్ ఈ ఆలోచనను దినచర్యగా మార్చాడు. నాజీలకు లొంగని ఒప్పుకోలు సంఘం కోసం 1935లో ఆయన ఒక సెమినరీ నడపడం మొదలుపెట్టాడు. అది కొద్ది నెలల్లోనే స్టెటిన్ దగ్గరి ఫింకెన్‌వాల్డేకు చేరింది. అక్కడ రోజూ ఉదయం అరగంట మౌనధ్యానం. వారమంతా ఒకటే వాక్యభాగం. గ్రీకు మూలం, వ్యాఖ్యానాలు ఆ సమయంలో తెరవకూడదు. విద్యార్థులకు మొదట ఇది మింగుడుపడలేదు. కొందరికి నిద్ర ముంచుకొచ్చేది, మరికొందరి మనసు రాబోయే ప్రసంగం మీదికి పోయేది. ఇంకో నియమం కూడా ఉండేది: ఎదుట లేని సహోదరుడి గురించి మాట్లాడకూడదు, నోరు జారితే ఆ సంగతి అతనికే చెప్పాలి. ఈ చిన్న నియమం తప్పినప్పుడల్లా వాళ్లు నేర్చుకున్నది ప్రసంగాలు నేర్పినదానికి తీసిపోలేదని ఆయన శిష్యుడొకడు తర్వాత రాశాడు. 1937లో నాజీల రహస్య పోలీసు గెస్టపో సెమినరీని మూసేసింది. వెంబడించమని అడగని 'చవక కృప'ను ఎండగట్టిన బోన్‌హోఫర్ పుస్తకం వచ్చిందీ ఆ ఏడాదే. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఆయనను ఉరితీశారు.

మా తరగతిలోనూ ఇప్పుడు వారానికి ఒకటే వాక్యభాగం. ఇటీవల మత్తయి 5లో, సహోదరుడికి మనమీద ఏదైనా విరోధం ఉంటే అర్పణను బలిపీఠం ముందే వదిలి వెళ్లి సమాధానపడమన్న మాట తీసుకున్నాం. "అన్నా, ఇప్పుడు బలిపీఠమంటే ఏంటి?" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే, దానికి జవాబూ చెప్పాను. అయితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ గదిలో ప్రతివాడికీ ముందే తెలుసు. దానికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

తత్వశాస్త్రం విశ్వాసాన్ని పాడుచేస్తుందని భయపడే పెద్దలకు నేను చెప్పేదొకటే. కీర్కెగార్డ్ సందేహాలను పెంచలేదు, మన సాకులను తీసేశాడు. తెలియనిదాన్ని తర్వాత చదువుకుందాం. తెలిసినదాన్ని మాత్రం ఈ వారమే చేద్దాం. శిష్యుడు తయారయ్యేది అక్కడే.