మెదడు చరిత్ర, కులం చరిత్ర

హార్వర్డ్ చరిత్రకారుడు డేనియల్ లార్డ్ స్మెయిల్ 2008లో ‘ఆన్ డీప్ హిస్టరీ అండ్ ద బ్రెయిన్’ అనే పుస్తకం వెలువరించారు. చరిత్ర రాతతో, రాజ్యంతో మొదలవుతుందనే అలవాటును అందులో ప్రశ్నించారు. పడమటి చరిత్రకారులు బైబిల్ సృష్టికథను వదిలేసినా దాని కాలపరిమితిని వదల్లేదన్నది ఆయన వాదన. శాసనం వేయించనివారికీ శరీరం ఉంది, మెదడు ఉంది, కాబట్టి చరిత్రా ఉంది. ఈ దేశ చరిత్ర వేదాలతోనే మొదలైందని వింటూ పెరిగిన మనకు ఇది అవసరమైన మాట. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల నాటి టోబా అగ్నిపర్వత బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. ఏ గ్రంథమూ పుట్టని కాలమది.

స్మెయిల్ రెండో వాదన మరింత పదునైనది. కాఫీ, పొగాకు, నవలలు, మతకర్మలు మెదడులోని రసాయనాలను కదిలిస్తాయి. కొన్ని సాధనాలను మనకు మనమే వాడుకుంటాం, కొన్నింటిని ఇతరులు మన మీద ప్రయోగిస్తారు. మధ్యయుగ ఐరోపాలో కోటల ప్రభువుల దౌర్జన్యం ఎప్పుడు విరుచుకుపడుతుందో తెలియని భయం రైతుల ఒంట్లో గూడు కట్టుకుందంటారాయన. ఇది చదువుతుంటే మాకు వెలివాడ గుర్తొచ్చింది. చెప్పులు చేతపట్టి వీధి దాటించడం, హోటల్లో గ్లాసు వేరుగా పెట్టడం నరాలకు నేర్పిన పాఠాలే.

అయితే మా అభ్యంతరమూ ఇక్కడే. భయం ఏ రసాయనమైందో చెప్పినంత మాత్రాన భయపెట్టినవాడి పేరు చెప్పినట్టు కాదు. శరీరాన్ని కొలిచే శాస్త్రం మనకు కొత్తా కాదు. రిస్లీ ముక్కుల కొలతలతో కులాలకు జాతి మెట్లు కట్టాడు. 1948 నాటి ‘ది అన్‌టచబుల్స్’లో బాబాసాహెబ్ అలాంటి కొలతలనే పరిశీలించి, బ్రాహ్మణులూ అస్పృశ్యులూ ఒకే జాతివారని తేల్చారు. కొలతను కాదనలేదు, దాన్ని సరిగ్గా చదివారు.

మెదడు శాస్త్రాన్నీ మనం అలాగే చదవాలి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పిల్లలకు దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. కులం ఎత్తనప్పుడు అణగారిన కులాల పిల్లలకూ పైకులాల పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందరి ముందూ కులం చదివినప్పుడు మాత్రం అణగారిన కులాల పిల్లలు వెనకబడ్డారు. లోపం మెదడులో ఉంటే రెండుసార్లూ కనిపించాలి కదా!

కారణం లేకుండా ఏదీ పుట్టదన్నాడు తథాగతుడు. ఆ కారణాల గొలుసులో మెదడు ఒక లంకె. భూమి, బడి, గుడి, ఊరి కట్టుబాటు మిగతా లంకెలు. స్మెయిల్ పుస్తకాన్ని మన చదువు వలయాల్లో చర్చించాలని కోరుతున్నాం, మిగతా లంకెలను మరవకుండా.