పిలుపు చూడాలా, ఇల్లు చూడాలా?

కొండకర్లలో "ఆవకి వెళ్తున్నా" అంటే చాలు, ఏ ఆవ అని ఎవరూ అడగరు. విశాఖలో అయితే ఆ సరస్సుని "కొండకర్ల ఆవ" అనాలి. ఇంకా దూరం పోతే అచ్యుతాపురం మండలం, అనకాపల్లి జిల్లా కూడా తగిలించాలి. పొట్టి పేరుతో పిలిస్తే ఊళ్లోదే అన్న ఈ లెక్కనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నమ్ముకుంది.

1997లో నాలుగో వెర్షన్‌తో దానికి 'జోన్లు' వచ్చాయి. సైటు పేరులో చుక్క లేకపోతే, అంటే ఆఫీసులో ఉత్తినే 'పేరోల్' అని కొడితే, అది 'లోకల్ ఇంట్రానెట్'. ప్రాక్సీ తగలకుండా వెళ్లేవీ అంతే. లోపలిదని తేల్చాక అక్కడితో ఊరుకునేది కాదు. ఆ సైటు అడిగితే మన విండోస్ లాగిన్‌తో తనే గుర్తింపు చెప్పేసేది. మరుసటి ఏడే దెబ్బ తగిలింది. ఐపీ చిరునామాని చుక్కల్లేకుండా ఒకే పెద్ద అంకెగా రాస్తే, బయటి సైటు కూడా ఇంటి మనిషైపోయింది! 1998 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది. మన ఇంటి రౌటరు 192.168.1.1 మాత్రం ఎక్స్‌ప్లోరర్‌కి పరాయిదే. చుక్కలున్నాయిగా మరి.

క్రోమ్ పిలుపు కాదు, ఇల్లు చూస్తుంది. 10తో, 192.168తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పత్రం ప్రైవేటు వాడకానికి విడిచిపెట్టిన చిరునామాలు. పేరు ఎంత పొడుగైనా, అది చేర్చే చిరునామా వీటిలో ఉంటే లోపలిదే. 2025లో వచ్చిన 142వ వెర్షన్ నుంచి, బయటి పేజీ ఏదైనా మన ప్రింటరు తలుపు తట్టబోతే ముందు మనల్ని అడుగుతోంది.

నా ఓటు చిరునామాకే. లోపల కూడా పబ్లిక్ చిరునామాలే వాడే సంస్థలకి ఈ కాపలా అందదు, నిజమే. కానీ ఎక్స్‌ప్లోరర్ లోపలిదాన్ని గుర్తుపట్టేది తలుపు తీయడానికి, క్రోమ్ గుర్తుపట్టేది గడియ పెట్టడానికి. మొదటిది పొరబడితే మన గుర్తింపే బయటికి పోతుంది. ఫైర్‌ఫాక్స్ అయితే ఈ ఊహలన్నీ మానేసి, లాగిన్ అందుకోదగ్గ సైట్ల జాబితాని ఖాళీగా ఉంచింది; మనం రాస్తేనే పేరు చేరుతుంది.

క్రోమ్‌నీ మరీ మెచ్చుకోలేం. విండోస్‌లో లాగిన్ అప్పజెప్పే దగ్గర, నిర్వాహకుడు జాబితా ఇవ్వకపోతే అది కూడా పాత జోన్లనే అడుగుతుంది. అనకాపల్లి జిల్లా పుట్టిన 2022లోనే ఎక్స్‌ప్లోరర్‌కి మైక్రోసాఫ్ట్ సెలవిచ్చింది. జోన్ల పట్టీ మాత్రం కంట్రోల్ ప్యానెల్‌లో, ఇంటర్నెట్ ఆప్షన్స్ కింద ఇంకా ఉంది. ఒకసారి తెరిచి చూసుకోండి.