ఆదుర్రు స్తూపం చెప్పే బౌద్ధం

పి.గన్నవరం అక్విడక్టు కింద పారే వైనతేయ అక్కడే వశిష్ఠ గోదావరి నుంచి చీలి సముద్రం దారి పడుతుంది. దాని పడమటి గట్టున దిగువకు పోతే మామిడికుదురు మండలంలో ఆదుర్రు వస్తుంది. అక్కడి ఇటుకల దిబ్బను ఊళ్లోవాళ్లు దుబరాజు గుడి అనేవారు. తవ్వి చూస్తే బౌద్ధ స్తూపం బయటపడింది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగిందని కూడా చెప్పుకుంటారు. సముద్రం దగ్గరే కాబట్టి కథ ఇట్టే అతుకుతుంది. రుజువు మాత్రం లేదు. అది లేకపోయినా దిబ్బకు వచ్చే లోటేమీ లేదు.

చూడాల్సింది దాని కట్టుబడి. అడుగుభాగం బండిచక్రంలా ఉంటుంది. నడుమ కుండ, దాని నుంచి ఆకుల్లా చుట్టూ సాగే ఇటుక గోడలు, వాటిని కలుపుతూ వలయం. గోడల మధ్య ఖాళీల్లో మట్టి దట్టించి, పైన అండాకారపు గుమ్మటం లేపేవారు. భట్టిప్రోలులోలా మొత్తం ఇటుకతో నింపితే ఖర్చు ఎక్కువ. ఉత్త మట్టి పోస్తే నాలుగు వానలకు జారిపోతుంది. ఈ పద్ధతిలో ఇటుక కలిసొస్తుంది, బరువూ సర్దుకుంటుంది. పైగా చక్రమంటే ధర్మచక్రం. మేస్త్రీ లెక్క, భిక్షువు భావం రెండూ ఒకే గోడలో కుదిరాయి. నాగార్జునకొండలోనూ ఇలాంటి చక్రాలు చాలానే దొరికాయి.

నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగుల్ని ఆయక వేదికలంటారు. ఆంధ్రదేశపు స్తూపాలకు ఇదో ప్రత్యేకత, సాంచీలో కనబడదు. అమరావతి, నాగార్జునకొండల్లో ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు నిలిపారు. అవి బుద్ధుడి జీవితంలోని అయిదు ఘట్టాలు: లుంబినిలో పుట్టుక, ఇరవైతొమ్మిదో ఏట ఇల్లు విడవడం, ముప్పైఅయిదో ఏట బోధగయలో జ్ఞానోదయం, సారనాథ్‌లో తొలి ఉపదేశం, ఎనభయ్యో ఏట కుశినగరంలో మహాపరినిర్వాణం. స్తూపాన్ని కుడివైపు ఉంచుకుని ప్రదక్షిణ చేసేవాడికి చదువు రాకపోయినా ఈ కథ నాలుగుసార్లు ఎదురయ్యేది.

అయిదింటిలో నాలుగోదే బౌద్ధానికి ఆయువుపట్టు. సారనాథ్‌లో విన్నది అయిదుగురే. బతుకులో దుఃఖం ఉంది, దానికి తృష్ణ కారణం, ఆ కారణం పోతే దుఃఖమూ పోతుంది, పోగొట్టుకునే దారి ఉంది అన్నాడు బుద్ధుడు. వైద్యుడి పద్ధతి ఇది. ఆ దారికి ఎనిమిది అంగాలు. సరైన చూపుతో మొదలై మాట, పని, జీవనోపాధి మీదుగా ధ్యానం దాకా సాగుతాయి. భోగాల్లో మునగడమూ వద్దు, ఒళ్లు శుష్కింపజేసుకోవడమూ వద్దు, నడిమి దారి పట్టమన్నాడు. సృష్టికర్త ప్రసక్తి లేదు, శాశ్వతమైన ఆత్మా లేదు. ప్రతిదీ కారణాల వల్ల పుట్టి, అవి తీరగానే పోతుంది. నిరుడు కొబ్బరిచెట్లున్న చోట ఈ ఏడు గోదారి పారడం చూసిన లంక రైతుకు అనిత్యం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

గోదావరికి బుద్ధుడితో పాత చుట్టరికమే ఉంది. పాళీ సుత్తనిపాతంలో బావరి అనే బ్రాహ్మణుడి కథ వస్తుంది. ఎగువన అస్సక దేశపు సరిహద్దులో, గోదావరి ఒడ్డున ఆయన ఆశ్రమం. యజ్ఞం చేసి ఉన్నదంతా పంచేశాక ఇంకో బ్రాహ్మణుడు వచ్చి అయిదువందల నాణేలు అడిగాడు. లేవంటే, ఏడో రోజుకి నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. హడలిపోయిన బావరి పదహారుమంది శిష్యుల్ని బుద్ధుడి దగ్గరికి పంపాడు. ప్రతిష్ఠానం, ఉజ్జయిని, శ్రావస్తి మీదుగా మగధ దాకా నడిచారు వాళ్లు. ఆ తల అజ్ఞానమనీ, దాన్ని బద్దలుకొట్టేది జ్ఞానమనీ బుద్ధుడు విడమరిచాడు. శాపం భయం అక్కడితో సరి. తర్వాత పదహారుమందీ తలా ఒక ప్రశ్న అడిగారు. వాళ్లలో పింగియుడు ముసలివాడు, చూపూ ఆనదు. తాను విన్నది గురువుకు చెప్పడానికి మళ్లీ గోదావరికి వచ్చినవాడు ఆయనే. ఆచార్యుడే ప్రశ్నలిచ్చి పంపిన ఈ కథ నాకు మహిమల కథలన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

ఇంతకీ స్తూపాలకు డబ్బిచ్చిందెవరు? రాజులే అనుకుంటాం. కానీ నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసుకున్నాడు, మహాచైత్యాన్ని నిలబెట్టించింది ఆయన సోదరి చాంతిసిరి. అమరావతి శాసనాల్లో వర్తకులు, భిక్షుణులు, గృహిణులు కనిపిస్తారు. పూర్ణకుంభం చెక్కిన ఫలకం ఒకటి ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని రాయించుకున్నాడు. తల్లినీ భార్యనీ అన్నదమ్ముల్నీ కొడుకునీ కూతుళ్లనీ దానంలో కలుపుకున్నాడు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నప్పుడు వెతుక్కున్నది ఇలాంటి చోటునే, పుట్టుక అడగని చోటును. 2022లో ఆదుర్రు ఉన్న కోనసీమ జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఇక్కడి పేటల్లో కొన్ని ఇళ్ల గోడల మీద బుద్ధుడు దేవుళ్ల పటాల వరసలో కాకుండా అంబేడ్కర్ పటం పక్కన కనిపించేది అందుకే.