టోపీ సరే, పట్టా ఏది?

ఉట్నూరులో చాయ్ తాగుతుంటే ఒక పాత దోస్తు నవ్వుతూనే అన్నాడు: "భాయ్, భీముని సంపింది మీవోళ్లే గద!"

నేను నవ్వలేకపోయాను. నైజాంకీ మా నాయినకీ ఏ చుట్టరికమూ లేదు. ఆయన జగిత్యాలలో సైకిళ్లకు పంక్చర్లు వేసి మమ్మల్ని సాకాడు. జాగీరు కాదు గదా, జానెడు జాగా కూడా ఎరగడు. అయినా 1940 నాటి నెత్తురుకు జవాబు చెప్పుకోవాల్సింది మేమేనట.

2020లో 'ఆర్ఆర్ఆర్' టీజర్‌లో భీము నెత్తిన టోపీ కనబడగానే మన జిల్లాల్లో ఎంత రభస! తమ యోధుణ్ని ఎట్లా చూపాలో అడిగే హక్కు ఆదివాసులకు ఉంది. నేను మాట్లాడేది వాళ్ల భుజం మీద తుపాకీ పెట్టి మమ్మల్ని కాల్చేవాళ్ల గురించి. 2022లో సినిమా వచ్చింది. భీము అక్తర్ పేరుతో ఒక సాయిబుల ఇంట తలదాచుకున్నాడు, అంతే. టోపీని పట్టుకున్నవాళ్లు ఆ సినిమా మాయం చేసినదాన్ని మాత్రం అడగలేదు. భూమి ఏది? పట్టా ఏది? తెర మీద భీము ఒక చిన్నపిల్ల కోసం ఢిల్లీ పోతాడు, చివరికి చదువు చెప్పమంటాడు. జోడేఘాట్ అడిగింది పోడు భూమి మీద హక్కు.

అడవిని రిజర్వు చేసి గోండులను వెళ్లగొట్టారు. వాళ్లు సాగు చేసిన నేలకు బయటివాళ్లు పట్టాలు చేయించుకున్నారు. ఆ పట్టాదార్లలో సాయిబులు లేరా? ఉన్నారు. భీము కథలో సిద్దిక్ ఉన్నాడు, మేం దాచం. ఆయన పక్కనే వెలమలు, కోమట్లు, బ్రాహ్మలు కూడా ఉన్నారు. వాళ్లను ఎందుకు దాస్తారు?

జోడేఘాట్‌లో భీమునూ సహచరులనూ పోలీసులు కాల్చి చంపాకే సర్కారుకు గోండులు కనబడ్డారు. హైమెన్‌డార్ఫ్ వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ల శిక్షణ మొదలైంది. 1946లో, 1356 ఫస్లీలో, హైదరాబాద్ గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. వేల కుటుంబాలకు పట్టాలు అందాయి. పట్టా, అర్జీ, దరఖాస్తు, ఫైసలా - అన్నీ మా జుబాన్ మాటలే. భూమి గుంజుకున్న కాగితంలోనూ ఇవే, తిరిగి ఇచ్చిన కాగితంలోనూ ఇవే. నేరం భాషది కాదు, కలం పట్టిన అధికారానిది.

అమెరికాలో నల్లవాళ్లు బస్సులు మానేసి నడిచారు, జైళ్లకు పోయారు. అట్లా 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కుల చట్టం సాధించుకున్నారు. ఇక్కడా చట్టం నెత్తురు మీద నడిచే వచ్చింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వచ్చింది. 1970లో దాన్ని గట్టిచేశారు. ఏజెన్సీ భూమి ఆదివాసేతరుల చేతికి పోరాదన్నారు. పోయింది. అందుకే 1981 ఏప్రిల్ 20న గోండులు ఇంద్రవెల్లికి కదిలారు. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క పదమూడు. పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు.

అప్పుడు నైజాం లేడు. ఆ తుపాకీ పట్టిన సర్కారు మతమేదని ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా. మరి 1940కి మా మతాన్ని బోనులో ఎందుకు నిలబెడతారు?

మాకూ చట్టంతో ఒక లెక్క తేలాల్సి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాలకు మతం గీత గీసింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధులకు ఆ గీత చెరిపారు. ముస్లింలకూ క్రైస్తవులకూ ఉంచారు. పాయఖానా ఎత్తిన మెహతర్ సాయిబు వాడలో అంటరానివాడే, కాగితం మీద మాత్రం బీసీ. కులం పేరుతో అతన్ని కొడితే 1989 అట్రాసిటీ చట్టం అతని గడప తొక్కదు. మా అష్రాఫ్ పెద్దలు కూడా దీని మీద ఎన్నడూ గొంతు చించుకోలేదు. ఆ మాట మనం మనలోనే అనుకోవాలి.

నైజాం వారసత్వం మాకొద్దు. జోడేఘాట్ వారసత్వంలో వాటా కావాలి. ఈసారి ఉట్నూరు పోతే ఆ దోస్తుకు ఇదే చెప్తాను: భీముని చంపినోళ్లు మావోళ్లు కారు. భీము మావోడు.